మార్చి వస్తే చిన్న జిమ్ముల్లోనే అసలు సందడి

వారెన్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఐ-20. అమీర్‌పేటలోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీ మెట్లెక్కిన వాళ్లంతా ‘సెంట్రల్ మిస్సోరి’ పేరు ఒక్కసారైనా వినే ఉంటారు. కాన్సాస్ సిటీకి గంట ప్రయాణం దూరంలో ఉండే ఆ చిన్న ఊళ్లో ఎంఎస్ చేసి, ఇప్పుడు డాలస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు లెక్కలేనంతమంది. నలుగురు కలిసి తీసుకున్న అపార్ట్‌మెంట్, వాల్‌మార్ట్‌కి ఎవరి కారులోనో రైడు, క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని, సీపీటీ, ఓపీటీ... ఆ రెండేళ్ల జ్ఞాపకాల్లో ఇవన్నీ ఉంటాయి. బాస్కెట్‌బాల్ మాత్రం చాలామందికి ఉండదు.

అదే యూనివర్సిటీ అమ్మాయిలు 2018 మార్చిలో జాతీయ ఛాంపియన్లయ్యారు. దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్‌లో జరిగిన డివిజన్ 2 ఫైనల్లో ఒహాయోకి చెందిన ఆష్‌లాండ్ యూనివర్సిటీని 66-52తో ఓడించారు. ఆష్‌లాండ్ అంటే అల్లాటప్పా జట్టు కాదు. 2017లో ఆడిన 37 ఆటలూ గెలిచి కప్పు పట్టుకెళ్లింది. ఆ మరుసటి ఏడాది కూడా ఫైనల్ దాకా ఓటమి ఎరగకుండా వచ్చింది. వరుసగా 73 గెలుపులు. 74వ ఆటలో వారెన్స్‌బర్గ్ అమ్మాయిలు అడ్డుపడ్డారు.

ఆ జట్టు పేరు ‘జెన్నీస్’. జెన్నీ అంటే ఆడ గాడిద. మిస్సోరి కంచర గాడిదలకి పేరుపడ్డ రాష్ట్రం కాబట్టి మగపిల్లల జట్టు ‘మ్యూల్స్’, ఆడపిల్లల జట్టు ‘జెన్నీస్’. మన దగ్గర బడిలో మాస్టారు గాడిదా అంటే ఇంటికొచ్చి ఏడుస్తాం. అక్కడ అదే పేరు చొక్కాల మీద అచ్చేయించుకుని ఊరంతా కేకలేస్తుంది! 1984లో అయితే ఈ యూనివర్సిటీ మగపిల్లలు, ఆడపిల్లలు ఇద్దరూ ఒకే ఏడాది డివిజన్ 2 కప్పులు తెచ్చారు. మన కుర్రాళ్లు లైబ్రరీ నుంచి అపార్ట్‌మెంట్‌కి నడిచే దారిలోనే ఇంత కథ ఉంది.

పెద్ద టోర్నమెంట్ గురించి చెప్పక్కర్లేదు. మార్చి వచ్చిందంటే ఆఫీసుల్లో బ్రాకెట్లు నింపడం, ఐదేసి డాలర్ల పందేలు, గెలిచేదెవరో తెలియకపోయినా మనమూ ఓ కాగితం నింపెయ్యడం మామూలే. 2024లో అయోవా, సౌత్ కరోలినా ఆడపిల్లల ఫైనల్‌ని టీవీలో కోటీ ఎనభై లక్షలకు పైగా జనం చూశారు. ఈ వ్యాసం ఆ టోర్నమెంట్ గురించి కాదు. అదే నెలలో, ఆఫీసులో ఎవరూ బ్రాకెట్ నింపని, మన ఇంటికి గంట దూరంలోనే జరుగుతూ ఉండగల ఇంకో రెండు టోర్నమెంట్ల గురించి.

మూడంతస్తుల మేడ

అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏలో మూడు అంతస్తులున్నాయి. పై అంతస్తు డివిజన్ 1. టీవీల్లో కనిపించేదంతా వీళ్లే. మధ్య అంతస్తు డివిజన్ 2. అక్కడ స్కాలర్‌షిప్పులు ఉంటాయి గానీ తక్కువ. ఒక్కోదాన్ని ముక్కలు చేసి ఇద్దరు ముగ్గురికి సర్దుతారు. మనవాళ్లు ఎక్కువగా చదివే మధ్యపశ్చిమ రాష్ట్రాల యూనివర్సిటీలు చాలావరకు ఈ అంతస్తులోనే ఉంటాయి. సెంట్రల్ మిస్సోరి ఒక్కటే కాదు, కాన్సాస్‌లోని ఎంపోరియా స్టేట్ అమ్మాయిలు 2010లో ఇదే కప్పు గెలిచారు.

కింది అంతస్తు డివిజన్ 3. నాలుగు వందలకు పైగా కాలేజీలు. ఇక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఒక్క డాలరు కూడా ఇవ్వరు. ఇవ్వకూడదని నిబంధన. కుటుంబ ఆదాయాన్ని బట్టీ, చదువుని బట్టీ ఇచ్చే సాయం తప్ప బంతిని బట్టి ఇచ్చేది ఏమీ లేదు.

ఇది విని మనవాళ్లు ‘అయితే చిన్నాచితకా కాలేజీలన్నమాట’ అనుకుంటారు. పేర్లు వినండి మరి. ఎంఐటీ. యూనివర్సిటీ ఆఫ్ షికాగో. కార్నెగీ మెలన్. కాల్‌టెక్. జాన్స్ హాప్కిన్స్. ఎమరీ. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. న్యూయార్క్ యూనివర్సిటీ. ఆమ్‌హర్స్ట్. విలియమ్స్. పిల్లల్ని కుమాన్ క్లాసుల నుంచి శాట్ కోచింగ్ దాకా తిప్పే ప్రతి తెలుగు ఇంట్లోనూ ఫ్రిజ్ మీద అంటించే పేర్లే ఇవి. బాస్కెట్‌బాల్ కోర్టులో ఇవన్నీ కింది అంతస్తు కాలేజీలే. (లాస్ ఏంజెలెస్ పక్కన కాల్‌టెక్‌కి జిమ్ ఉందన్న సంగతి అక్కడ చదివినవాళ్లలోనే ఎందరికి తెలుసో!)

వీటిలో సెయింట్ లూయిస్ వాళ్ల చరిత్ర చెప్పుకోదగ్గది. నాన్సీ ఫేహీ కోచ్‌గా ఉండగా 1998 నుంచి 2001 దాకా వరుసగా నాలుగు కప్పులు గెలిచారు. ఆ మధ్యలో ఒక్క ఓటమీ లేకుండా 81 ఆటలు. డాక్టర్లు, ఇంజనీర్లు కాబోతున్న అమ్మాయిలు పగలు ల్యాబులో, సాయంత్రం కోర్టులో ఉండి సాధించింది ఇది.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే చాలు

ఈ టోర్నమెంట్ నడిచే తీరు ఉద్యోగం చేసుకునేవాళ్లకి అచ్చంగా అతికినట్టు ఉంటుంది. డివిజన్ 3 సంగతి తీసుకుందాం. ఫిబ్రవరి చివర్లో ఒక్కో లీగు తన సొంత టోర్నమెంట్ పెట్టుకుంటుంది. అది గెలిచినవాళ్లకి జాతీయ టోర్నమెంట్‌కి నేరుగా టికెట్. ఓడినవాళ్లు, సీజనంతా ఎంత బాగా ఆడినా సరే, కమిటీ దయకోసం ఎదురుచూడాల్సిందే. ఇరవైకి పైగా ఆటలు గెలిచి, లీగు ఫైనల్లో ఒక్క బుట్ట తేడాతో ఓడి, సోమవారం మధ్యాహ్నం జట్టంతా ఒక గదిలో తెర ముందు కూర్చుని తమ పేరు వస్తుందా రాదా అని చూసే ఆ అరగంట ఇంటర్ రిజల్ట్స్‌కి తీసిపోదు. హాల్‌టికెట్ నంబరు వెతుక్కున్న వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

మొత్తం 64 జట్లు. ఆ వారం శుక్ర, శనివారాల్లో మొదటి రెండు రౌండ్లు. నాలుగేసి జట్లు ఒకే కాలేజీ జిమ్‌లో చేరతాయి. శుక్రవారం రెండు ఆటలు, గెలిచిన ఇద్దరికీ శనివారం ఆట. రెండు రోజుల్లో 64 కాస్తా 16 అవుతాయి. వచ్చే వారాంతానికి నాలుగు. ఆ తర్వాతి వారం సెమీస్, ఫైనల్. కప్పు కావాలంటే వరుసగా ఆరు ఆటలు గెలవాలి. మధ్యలో ఒక్కటి పోయినా సంచి సర్దుకోవాల్సిందే.

ఎవరెవర్ని ఎక్కడ పెడతారన్నదాంట్లో కొంచెం పిసినారితనం ఉంది. జట్ల ప్రయాణ ఖర్చు ఎన్‌సీఏఏదే. అందుకని బస్సులో వెళ్లగలిగే దూరంలో ఉన్నవాళ్లనే ఒకచోట చేరుస్తారు. చాలా ఏళ్లు 500 మైళ్లు దానికి గీత. ఆ గీత దాటితేనే విమానం. ఫలితంగా మాసచుసెట్స్ వాళ్లు మాసచుసెట్స్ వాళ్లతోనే తలపడతారు. సీజన్లో రెండుసార్లు ఆడినవాళ్లే మూడోసారి టోర్నమెంట్‌లో ఎదురవుతారు. బలమైన జట్లు రెండు పక్క ఊళ్లలో ఉన్నాయంటే వాటిలో ఒకటి మొదటి వారాంతంలోనే ఇంటికి! న్యాయమేనా అంటే కాదనే చెప్పాలి. కానీ చూసేవాడికి లాభం. మన ఊరికి దగ్గర్లోనే మంచి ఆట దొరుకుతుంది.

ఇంకో తమాషా. ఒక కాలేజీలో మగపిల్లల జట్టు, ఆడపిల్లల జట్టు రెండూ టోర్నమెంట్‌కి వెళ్లి, రెండింటికీ సొంత జిమ్‌లో ఆడే అర్హత వస్తే ఏం చేస్తారు? జిమ్ ఒక్కటే కదా. మొదటి వారాంతం ఒకరికి, రెండో వారాంతం ఇంకొకరికి ప్రాధాన్యం ఇస్తారు. మరుసటి ఏడాది అది తారుమారవుతుంది. ఇంట్లో ఒకే టీవీ ఉన్నప్పుడు అన్నాచెల్లెళ్లు పంచుకున్నట్టు.

డివిజన్ 2లో పద్ధతి వేరు. దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగా విడగొడతారు. ఒక్కో ప్రాంతంలో ఎనిమిది జట్లు అందరికన్నా పై స్థానంలో ఉన్న కాలేజీకి వచ్చి, అక్కడే తేల్చుకుంటాయి. నెగ్గిన ఎనిమిది జట్లూ ఒక ఊళ్లో చేరతాయి. సెంట్రల్ మిస్సోరి, ఆష్‌లాండ్ తలపడ్డ సూ ఫాల్స్ అలాంటి ఊరే.

క్రికెట్ మీద పెరిగినవాళ్లకి ఆట అర్థంకాదేమోనన్న భయం అక్కర్లేదు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. 2015-16 సీజన్‌కి ముందు ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుండేవి. బంతి చేతికొచ్చాక ముప్పై సెకన్లలోపు బుట్ట మీదకి వెయ్యాలి. ఒక్కటే హెచ్చరిక. గడియారంలో ‘ఇంకా రెండు నిమిషాలు’ అని కనిపిస్తే కారు తాళాలు తియ్యకండి. ఫౌళ్లు, టైమవుట్లు, ఫ్రీ త్రోలు కలిపి ఆ రెండు నిమిషాలు ఇరవై నిమిషాలు సాగుతాయి. ఆటంతా అక్కడే ఉంటుంది.

టూత్‌బ్రష్‌లు అమ్మి విమానం ఎక్కారు

ఈ చిన్న కాలేజీల అమ్మాయిలే ఒకప్పుడు దేశం మొత్తానికి ఛాంపియన్లు అంటే నమ్మబుద్ధి కాదు. ఫిలడెల్ఫియా శివార్లలో ఇమాక్యులేటా అని ఒక కాలేజీ ఉంది. అప్పట్లో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆడపిల్లల కాలేజీ. 1967లో వాళ్ల జిమ్ కాలిపోయింది. కోచ్ క్యాథీ రష్‌కి ఏడాదికి ఇచ్చింది 450 డాలర్లు. అమ్మాయిలు ఉన్ని గౌన్లలాంటి దుస్తుల్లో ఆడేవారు.

1972లో ఆడపిల్లలకి 16 జట్లతో జాతీయ టోర్నమెంట్ పెట్టారు. అది ఇలినాయ్ రాష్ట్రంలోని నార్మల్ అనే ఊళ్లో. ఇమాక్యులేటా వాళ్లకి దారి ఖర్చులకి డబ్బుల్లేవు. టూత్‌బ్రష్‌లు అమ్మారు. వచ్చిన డబ్బు అందరికీ సరిపోలేదు. ఎనిమిదిమంది ఆటగాళ్లే వెళ్లగలిగారు. అదీ ఖాళీ సీట్లుంటే ఎక్కించుకునే టికెట్ల మీద. అంతకు కొద్దిరోజుల ముందే పక్క ఊరి వెస్ట్ చెస్టర్ చేతిలో 32 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడి ఉన్నారు. 16 జట్లలో వాళ్ల స్థానం 15. ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మూడు ఆటలు గెలిచి ఫైనల్‌కి వస్తే ఎదురుగా నిలబడింది ఎవరనుకున్నారు? అదే వెస్ట్ చెస్టర్. ఈసారి 52-48. గెలుపు ఇమాక్యులేటాది.

తర్వాత 1973లో, 1974లో కూడా కప్పు వాళ్లదే. వాళ్ల ఆట ఉందంటే సన్యాసినులు, తల్లిదండ్రులు బకెట్లు పట్టుకొచ్చి బాదేవారట. ఆటగాళ్లలో ఒకమ్మాయి తండ్రికి హార్డ్‌వేర్ షాపు ఉంది. బకెట్లకి లోటేముంది? మన ఊళ్లో వినాయక నిమజ్జనానికి డప్పులు కొట్టినట్టు అక్కడ ఇనప బకెట్లు. 2014లో ఆ మూడేళ్ల జట్టుని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ఇమాక్యులేటా తర్వాత వరుసగా మూడేళ్లు గెలిచింది కూడా చిన్న చోటే. మిసిసిపి పత్తి చేల మధ్య ఉన్న డెల్టా స్టేట్. లూసియా హారిస్ ఆడిన జట్టు. 1976 ఒలింపిక్స్‌లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదటి బుట్ట వేసింది ఆమే.

మరి ఏమైంది? 1972 జూన్‌లో టైటిల్ 9 చట్టం వచ్చింది. చదువులో ఆడా మగా తేడా చూపకూడదన్నారు. కాలేజీ ఆటలకీ అది వర్తించింది. పెద్ద యూనివర్సిటీలు ఆడపిల్లలకీ స్కాలర్‌షిప్పులు ఇవ్వాల్సి వచ్చింది. మంచిదే. వేలమంది అమ్మాయిలకి చదువు దొరికింది. కానీ స్కాలర్‌షిప్పులు ఇవ్వలేని ఇమాక్యులేటాలు వెనకబడ్డాయి. 1982లో ఎన్‌సీఏఏ ఆడపిల్లల టోర్నమెంట్లు మొదలుపెట్టినప్పుడు మూడు డివిజన్లకీ మూడు కప్పులు పెట్టింది. డివిజన్ 3 తొలి కప్పు పెన్సిల్వేనియాలోని ఎలిజబెత్‌టౌన్ కాలేజీ ఓవర్‌టైమ్‌లో ఒకే ఒక్క పాయింట్‌తో గెలిచింది. ఇమాక్యులేటా ఇప్పుడు ఆడేది ఈ కింది అంతస్తులోనే.

గురువారం వచ్చిన కబురు

మిషిగన్‌లోని హాలండ్ అనే ఊళ్లో హోప్ కాలేజీ ఉంది. డచ్చివాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊరు. ఆడపిల్లల ఆటకి కూడా జనం నిండుగా వచ్చే చోటు. 1990లో, 2006లో కప్పు గెలిచారు. 2020లో ఆ జట్టు 29 ఆటలాడి 29 గెలిచింది. మొదటి వారాంతం దాటి చివరి 16లోకి వచ్చింది. శుక్రవారం ఆట. సొంత ఊళ్లోనే.

ఆ ముందురోజు, మార్చి 12 గురువారం, కరోనా వల్ల టోర్నమెంట్లన్నీ రద్దు చేస్తున్నట్టు ఎన్‌సీఏఏ ప్రకటించింది. ఆ నెలలో మనలో ఎవరికి ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఇండియాకి టికెట్లు రద్దయ్యాయి, స్టాంపింగ్‌కి వెళ్లినవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు, ఇక్కడ ఉద్యోగాలు ఊగాయి. అంత పెద్ద కష్టం ముందు బంతాట ఏపాటిది అనిపించొచ్చు. కానీ ఇరవై రెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆడుతున్న ఆట, ఓడిపోకుండానే ఆగిపోయింది. అదే ఏడాది డివిజన్ 2లో మిస్సోరిలోని డ్రూరీ యూనివర్సిటీ అమ్మాయిలు 32 ఆడి 32 గెలిచి ఉన్నారు. వాళ్లదీ అంతే.

డ్రూరీ 2021లో మళ్లీ ఫైనల్‌దాకా వచ్చింది. లబక్ క్రిస్టియన్ చేతిలో ఓడింది. డివిజన్ 3కి 2021లో కూడా టోర్నమెంట్ జరగలేదు. 2022లో హోప్ పిట్స్‌బర్గ్‌లో వైట్‌వాటర్‌ని 71-58తో ఓడించి కప్పు తీసుకుంది. ఊరికి ఊరట. 2020 సీనియర్లు మాత్రం అప్పటికి ఎవరి ఉద్యోగాల్లో వాళ్లున్నారు.

‘స్కాలర్‌షిప్ ఇస్తారా మరి?’

ఇక సొంత గొడవ ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మాయి హైస్కూల్లో ఆడుతుంది. పదో గ్రేడ్. పొట్టిగానే ఉంటుంది, కానీ బంతి చేతికొస్తే వదలదు. పాట్‌లక్‌కి వెళ్లినా, గుడిలో కలిసినా అందరూ అడిగే ప్రశ్న ఒకటే. “అన్నయ్యగారూ, ఆటకి స్కాలర్‌షిప్ ఇస్తారా మరి?” ఇవ్వరండీ, అంత ఆట కాదు మా అమ్మాయిది అంటే, “మరెందుకండీ, జూనియర్ ఇయర్ వస్తోంది కదా” అని జాలిగా చూస్తారు. ఇంట్లో మా ఆవిడదీ అదే బెంగ. “ఏమండీ, వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు, రెండు ఆటలు. ఏపీ క్లాసులు ఎప్పుడు చదువుతుంది?” కోప్పడటానికేం లేదు. ఆవిడ గుంటూరులో చదివేటప్పుడు టెన్నికాయిట్ బాగా ఆడేదట. టెన్త్‌తో ఆపేశారు. ఎందుకు ఆపారని ఎవరూ అడగలేదు, ఆవిడా అడగలేదు.

నా దగ్గర సమాధానం లేదు. అందుకే పిల్లని తీసుకుని మొదటి వారాంతం ఆటలకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ చూసింది చెబుతాను, అంతే.

ఆ జిమ్ముల్లో మొదటి వరుసలో కూర్చుంటే కోచ్ మాట వినపడుతుంది. బూట్లు నేలమీద కీచుమంటాయి. బెంచీ మీద కూర్చున్న అమ్మాయి చేతిలో ఒక్కోసారి ఆర్గానిక్ కెమిస్ట్రీ కార్డులుంటాయి. ఆటయ్యాక వాళ్లమ్మ ఇంటి దగ్గర చేసి తెచ్చిన సాండ్‌విచ్‌లు రెండు జట్లకీ పంచుతుంది. టికెట్ చింపేవాడు, చెమట పడితే తుడుపుకర్ర పట్టుకుని పరిగెత్తేవాడు, పాప్‌కార్న్ అమ్మేవాడు అందరూ స్టూడెంట్లే. వాళ్లలో ఒకడు మావాడే అని ముఖం చూడగానే తెలుస్తుంది. క్యాంపస్ పని. “అంకుల్, మీరు తెలుగేనా?” అని అడిగి మా అమ్మాయికి పాప్‌కార్న్ కాస్త ఎక్కువే పోశాడు. ఆట చూస్తావా అంటే, “చూస్తానండీ. నవంబర్లో పని కోసం వచ్చా. ఇప్పుడు పని లేకపోయినా వస్తున్నా” అన్నాడు.

ఈ కోర్టుల్లో కోచ్‌లు కూడా ఎప్పటికీ ఉండిపోరు. పశ్చిమ వర్జీనియా కొండల్లో గ్లెన్‌విల్ అనే చిన్న ఊరుంది. అక్కడి కాలేజీలో ఆడి, అక్కడే కోచ్ అయిన కిమ్ కాల్డ్‌వెల్ 2022లో డివిజన్ 2 కప్పు గెలిపించింది. 2024 వచ్చేసరికి టెనెసీ యూనివర్సిటీ కోచ్. ఆష్‌లాండ్‌ని 73 ఆటలు గెలిపించిన రాబిన్ ఫ్రాలిక్ 2023లో మిషిగన్ స్టేట్‌కి వెళ్లింది. కెంటకీలో ట్రాన్సిల్వేనియా అని ఒక పాత కాలేజీ ఉంది (డ్రాకులాకీ దానికీ సంబంధం లేదు). 2023లో ఒక్క ఓటమి లేకుండా 33 ఆటలు గెలిచింది. దాని కోచ్ జూలీ ఫుల్క్స్ మరుసటి ఏడాది మార్షల్‌కి వెళ్లిపోయింది. కోచ్‌లకి పై మెట్టు ఉంటుంది. ఆటగాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఉండదు.

2024, 2025 ఫైనల్స్ రెండింట్లోనూ ఒకే జట్లు తలపడ్డాయి. న్యూయార్క్ యూనివర్సిటీ, స్మిత్ కాలేజీ. మాన్‌హటన్ అమ్మాయిలు రెండేళ్లలో 62 ఆటలాడి 62 గెలిచారు, రెండు కప్పులూ వాళ్లవే. ఓడిన స్మిత్ సంగతి మాత్రం మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాను.

స్మిత్ మాసచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో ఉన్న ఆడపిల్లల కాలేజీ. జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆట కనిపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఇరవై మైళ్లు. స్మిత్‌లో వ్యాయామం నేర్పే టీచరు సెండా బెరెన్సన్. లిథువేనియాలో పుట్టి, చిన్నప్పుడే ఇంటిల్లిపాదితో బోస్టన్‌కి వలసొచ్చిన పిల్ల. కొత్త ఆట గురించి విని తన విద్యార్థినులకి నేర్పింది. 1893 మార్చి 22న మొదటి, రెండో సంవత్సరం అమ్మాయిల మధ్య ఆట పెట్టింది. కాలేజీ ఆడపిల్లల తొలి బాస్కెట్‌బాల్ ఆట అదే. మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. పొట్టి దుస్తుల్లో ఆడతారు కదా, చూడకూడదని. 131 ఏళ్ల తర్వాత, 2024 మార్చిలో అదే కాలేజీ అమ్మాయిలు ఒహాయోలోని కొలంబస్‌లో జాతీయ ఫైనల్ ఆడి 51-41తో ఓడారు.

“ఓడిపోయారుగా నాన్నా” అంది మా అమ్మాయి.

ఓడిపోయారు. ఈ టోర్నమెంట్ లెక్కే అంత. 64 జట్లొస్తే 63 ఓడి వెళ్లాలి. అందులో ప్రతి జట్టులోనూ ఇద్దరో నలుగురో సీనియర్లుంటారు. వాళ్లకి ముందు డబ్ల్యూఎన్‌బీఏ లేదు. మెడికల్ స్కూలుంది, ఆడిట్ కంపెనీ ఉంది, ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలున్నాయి. బెల్లు మోగిన క్షణం నుంచి వాళ్లు మాజీలు.

మేం చూసిన ఒక ఆటలో చివరి నిమిషం. తేడా పద్నాలుగు. ఇక రాదని అందరికీ తెలుసు. ఓడుతున్న జట్టు కోచ్ టైమవుట్ తీసుకుని సీనియర్లని ఒక్కొక్కరిగా బయటికి పిలిచింది. నంబరు 11 అమ్మాయి సైడ్‌లైన్ దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి కోర్టు మధ్య గీతని చేత్తో తాకి వచ్చింది. మన దగ్గర స్టేజి ఎక్కేముందు నేలకి దణ్ణం పెడతారే, ఇది దిగేటప్పుడు. అవతలి జట్టు వాళ్ల కుర్చీల వెనకాల కూర్చున్న జనం కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ల నాన్న కాబోలు, బేస్‌బాల్ టోపీ పెద్దాయన, లేవలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బయటికొచ్చేసరికి మంచు పడుతోంది. బస్సు ఇంజను ఆన్ చేసే ఉంది. కోచ్ అసిస్టెంటు పిజ్జా డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చి మోసుకెళ్తోంది. నంబరు 11 సంచి భుజాన వేసుకుని టోపీ పెద్దాయనతో మాట్లాడి, ఆయన కారెక్కకుండా బస్సెక్కింది. మా అమ్మాయి ఆ బస్సు కదిలేదాకా పార్కింగ్‌లోంచి కదలనివ్వలేదు.

దార్లో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాం. మా ఆవిడ ముందు ‘తిన్నారా’ అనడిగింది. తర్వాత “ఎవరు గెలిచారు?” అంది. ఎప్పుడూ అడగని ప్రశ్న. మా అమ్మాయి ఫోన్ లాక్కుని నంబరు 11 సంగతి చెప్పడం మొదలుపెట్టింది. హైవే ఎక్కి, రెండు ఎగ్జిట్లు దాటినా ఇంకా చెబుతూనే ఉంది. చివర్లో స్పీకర్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. “వచ్చే శుక్రవారం ఎక్కడట? నేనూ వస్తాలే. పులిహోర కలుపుతాను.”